డయాలసిస్‌లో ఉన్న బాపుకు హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది, ఎట్లా వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. దేవరకొండ వైపు నుంచి బాపును వారానికి మూడుసార్లు నల్లగొండ తీసుకొచ్చి రెండేళ్లుగా డయాలసిస్ చేయిస్తున్నారు. ఆరు నెలలకోసారి తీసే రక్తపరీక్షల్లో మొన్న హెపటైటిస్ సి పాజిటివ్ అని వచ్చింది. ఆయన మందు ముట్టని మనిషి, రక్తం ఎక్కించింది కూడా లేదు, మరి ఎక్కడి నుంచి వచ్చింది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆయన బతుకుతాడా, సెంటర్ మార్చాలా అని అడిగారు. నేను పదిహేడేళ్లుగా డయాలసిస్ యూనిట్లలో నర్సుగా చేస్తున్నాను, మొదట హైదరాబాద్‌లో, తర్వాత ఇటు నల్లగొండ, మిర్యాలగూడ వైపే. మందు రాసేది మీ నెఫ్రాలజిస్టు గారే, ఆయన మాటే చివరి మాట. కానీ ఆయన దగ్గర మీకు దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలియక మీలాగే తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను, అందుకే కాస్త పొడుగైనా అన్నీ రాస్తున్నాను.

ముందు మీ గుండె దడ తగ్గే మాట. హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. అదుపులో ఉంచుకుంటూ బతకడం కాదు, పూర్తిగా పోతుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు కూడా మాత్రలతోనే, సాధారణంగా పన్నెండు వారాల్లో, నూటికి తొంభై ఐదు మందికి పైగా పోతోంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఈ మాట చెప్పే పరిస్థితి లేదు, అప్పుడు పాజిటివ్ అని తెలిస్తే మాకే నోరు పెగిలేది కాదు. ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను.

అయితే మీ చేతిలో ఉన్న రిపోర్టు ఏ పరీక్షదో ముందు చూడండి. సెంటర్లలో మామూలుగా చేసేది కార్డు టెస్టు, లేకపోతే ఎలైసా. ఈ రెండూ చూసేది వైరస్‌ను కాదు, వైరస్ ఒంట్లోకి వచ్చినప్పుడు మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని. కొందరిలో వైరస్ దానంతటదే పోయినా యాంటీబాడీ మిగిలిపోతుంది, అప్పుడూ కార్డు మీద రెండు గీతలే కనబడతాయి. ఒక్కోసారి కార్డు టెస్టు తప్పుగా కూడా పాజిటివ్ చూపిస్తుంది. కాబట్టి బాపు ఒంట్లో ఇప్పుడు వైరస్ ఉందా లేదా తేలాలంటే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి, మన దగ్గర అందరూ వైరల్ లోడ్ అంటారు. అది రాకముందే మందులూ వద్దు, ఏడుపులూ వద్దు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది డయాలసిస్ వాళ్లందరూ తెలుసుకోవాల్సింది. వైరస్ ఒంట్లోకి వచ్చాక యాంటీబాడీ కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, కిడ్నీలు పాడైనవాళ్లకు రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. వైరల్ లోడ్ పరీక్షలో మాత్రం ఒకటి రెండు వారాల్లోనే దొరికిపోతుంది. అంటే యూనిట్‌లో నెగెటివ్ అని రాసిపెట్టిన ఫైళ్లలో కూడా ఎవరికో ఒకరికి లోపల వైరస్ తిరుగుతుండవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. లివర్ పరీక్షలు నార్మల్‌గా ఉన్నాయి కదా అని కూడా నిశ్చింతగా ఉండొద్దు. డయాలసిస్ పేషెంట్లలో ఎస్‌జీపీటీ మామూలుగానే తక్కువ ఉంటుంది, లోపల వైరస్ ఉన్నా నార్మల్ అంకెల్లోనే కనబడుతుంది. ఒకనెల ఇరవై ఉన్నది మరుసటి నెల నలభై ఐదు అయితే ల్యాబ్ వాళ్లు దాన్ని నార్మల్ అనే రాస్తారు, మేం మాత్రం అక్కడ ఆగి చూడాలి.

ఇక ఎట్లా వచ్చింది అన్నది. దీని గురించే ఎక్కువ రాయాలనిపిస్తోంది, ఎందుకంటే ఇక్కడే తప్పు ఎప్పుడూ పేషెంటు నెత్తిన పడుతుంది.

చాలా ఏళ్ల కిందట నేను చేసిన ఒక చోట, పేరు చెప్పను, ఒకే షిఫ్టులో నాలుగు నెలల్లో ముగ్గురు పాజిటివ్ అయ్యారు. ముగ్గురివీ ఒకే వరుసలో బెడ్లు. పైవాళ్లు ఒక్కొక్కరినీ పిలిచి, బయట పన్ను పీకించుకున్నావా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నావా, పచ్చబొట్టు పొడిపించుకున్నావా అని అడిగారు. పాపం ఆ ముగ్గురూ ఏదో ఒకటి గుర్తుచేసుకుని అవును అన్నారు. మన ఊళ్లలో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోనివాళ్లు ఎవరున్నారు చెప్పండి. అక్కడితో ఫైలు మూసేశారు. మా ట్రాలీ వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ ట్రాలీ ఎట్లా ఉండేదో చెబుతాను. పైఅరలో స్టీలు ట్రే, అందులో హెపారిన్ వయల్. ఐదు మిల్లీలీటర్ల చిన్న సీసా, అందులో ఇరవై ఐదు వేల యూనిట్లు, అంటే ఒక్క సీసా చాలామందికి వస్తుంది. రక్తం ఫిల్టర్‌లో గడ్డకట్టకుండా ప్రతి పేషెంటుకూ ఇది ఇవ్వాలి. సీసాతో సహా ట్రాలీని ఒక బెడ్ దగ్గర్నుంచి ఇంకో బెడ్ దగ్గరికి తోసుకుంటూ పోయేవాళ్లం. ఒకరికి సూదులు పెట్టి, అదే గ్లవ్స్‌తో సీసా పట్టుకుని, మందు లాగి, సీసాను మళ్లీ ట్రేలో పెట్టడం. ఇంకా ఘోరం, ఒకసారి ఇచ్చిన డోసు చాలక ఇంకాస్త ఇవ్వాల్సి వస్తే, అప్పటికే ఆ పేషెంటు లైనుకు తగిలించిన సిరంజితోనే మళ్లీ సీసాలోంచి లాగేవాళ్లు కూడా ఉన్నారు. సిరంజి మొనలో కంటికి కనబడనంత రక్తం వెనక్కి వచ్చి ఉంటుంది, అది సీసాలోకి పోతుంది. ఆ తర్వాత ఆ సీసా ఎంతమంది దగ్గరికి తిరిగితే అంతమందికీ ప్రమాదమే. సూది మార్చినా లాభం లేదు, సిరంజి కూడా కొత్తదే కావాలి. ఆ రోజు నేను గట్టిగా మాట్లాడలేదు. కొత్తదాన్ని, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ ముగ్గురిలో ఒకాయన మా హాలియా దగ్గరి మనిషి, ఆయన ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

ఇది మన దగ్గరే జరిగే విషయమూ కాదు. అమెరికాలో 2014, 2015 సంవత్సరాల్లో ఎనిమిది రాష్ట్రాల్లోని 19 డయాలసిస్ క్లినిక్‌లలో 36 మందికి కొత్తగా హెపటైటిస్ సి వచ్చిందని అక్కడ రోగాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2016 జనవరిలో హెచ్చరిక ఇచ్చింది. అక్కడ కూడా ఇలాంటి కేసులు తవ్వితే బయటపడేవి చేతులు కడుక్కోకపోవడం, గ్లవ్స్ మార్చకపోవడం, ఇంజెక్షన్ మందుల్ని పేషెంట్ల మధ్యలో కలపడం, కుర్చీలూ మెషిన్లూ సరిగా తుడవకపోవడం, ఇవే. అంత డబ్బున్న చోట కూడా చేతుల దగ్గరే తేడా వచ్చింది. ఈ వైరస్ ఎండిపోయిన రక్తంలో మామూలు గదిలోనే వారాల తరబడి బతకగలదు, ల్యాబ్ పరీక్షల్లో ఆరు వారాల దాకా చూశారు. కంటికి మరక కనబడకపోయినా అది ఉంటుంది.

గ్లవ్స్ సంగతి మీ కళ్లతో మీరే చూడొచ్చు. మొదటి షిఫ్టు అయిపోయి రెండో షిఫ్టు ఎక్కే ఆ ముప్పావుగంట చూడండి. నలుగురికి ఒకేసారి నాలుగు గంటలు పూర్తవుతాయి. బయట తర్వాతి షిఫ్టు వాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. లోపల ఉన్నవాళ్లకు బస్సు అందుకోవాలని తొందర, అది పోతే మళ్లీ గంటన్నర. టెక్నీషియన్ ఒకరికి సూదులు తీసి దూదితో నొక్కి పట్టుకుంటాడు, ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూదులు పెట్టడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం దగ్గర, రక్తం ఆగదు, వేళ్ల మధ్యలోంచి కారుతుంది. సరిగ్గా అప్పుడే పక్క మెషిన్ అలారం కొడుతుంది. పేషెంటు చేతిని పట్టుకోమని ఆయన భార్యకు అప్పగించి, టెక్నీషియన్ రెండడుగులు వేసి, అవే గ్లవ్స్‌తో పక్క మెషిన్ మీద మ్యూట్ బటన్ నొక్కి వస్తాడు. రెండు సెకన్ల పని. ఇప్పుడు ఆ బటన్ మీద రక్తం ఉంది. పది నిమిషాల తర్వాత ఇంకో సిస్టర్ వచ్చి ఆ బటన్ నొక్కి, అదే చేత్తో ఆ మెషిన్ మీద ఉన్న పేషెంటు లైను విప్పుతుంది. మీ బాపు లాంటి మనిషికి, మందు ముట్టకుండా, రక్తం ఎక్కించుకోకుండా జబ్బు రావడానికి ఆ రెండు సెకన్లు చాలు.

టెక్నీషియన్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కడే ఐదారు మెషిన్లు చూసుకునే చోట చేతులు కడుక్కోమంటే ఎప్పుడు కడుక్కోవాలి? మనుషులు చాలకపోతే శుభ్రతే ముందు పోతుంది. ఇది పైవాళ్లు సరిచేయాల్సిన పని.

చాలామంది మెషిన్ వల్లే వచ్చిందంటారు. మెషిన్ లోపలికి రక్తం పోదు. రక్తం ప్లాస్టిక్ లైన్లలో, ఫిల్టర్‌లో తిరుగుతుంది, మెషిన్ లోపల తిరిగేది నీళ్ల మందు. మధ్యలో ఫిల్టర్ పొర ఉంటుంది, అది తెగనంతవరకు వైరస్ అటు దాటదు. పైగా మన తెలంగాణలో ప్రభుత్వ సెంటర్లకు సింగిల్ యూజ్ ఫిల్టర్లు వచ్చాయి, ఒకసారి వాడి పారేస్తారు, ఇది మనకు దొరికిన పెద్ద మేలు. ఇంకా ఫిల్టర్ కడిగి వాడే ప్రైవేటు సెంటర్‌కు వెళితే, ఫిల్టర్ మీద పేరు, నంబరు ప్రతిసారీ మీరే చదివి చూసుకోండి, మొహమాటం వద్దు. అయితే మెషిన్‌లో ఒక చోట మాత్రం జాగ్రత్త. లైన్లోంచి ఒక సన్నని గొట్టం మెషిన్ ముందుభాగానికి తగిలించి ఉంటుంది, దాని చివర రూపాయి బిళ్లంత గుండ్రని తెల్లటి ఫిల్టర్ ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ అంటారు. ప్రెషర్ ఎక్కువైనప్పుడు రక్తం ఆ గొట్టంలోకి ఎక్కి ఆ బిళ్లను తడిపేస్తుంది. తెల్లగా ఉండాల్సింది ఎర్రగా మారితే వెంటనే మార్చాలి, రక్తం దాన్ని దాటి లోపలికి పోయిందేమో ఇంజనీరు విప్పి చూసి శుభ్రం చేసేదాకా ఆ మెషిన్ ఇంకొకరికి పెట్టకూడదు. బాపు కుర్చీలోంచే ఆ బిళ్ల కనబడుతుంది. ఎర్రబడితే సిస్టర్‌ను పిలవమని ఆయనకు చెప్పండి.

మీ బాపును ఇకనుంచి వేరే మెషిన్ మీద వేస్తామన్నారని రాశారు, అది చూసి ఆయన చిన్నబుచ్చుకున్నారని కూడా. మన దగ్గర చాలా సెంటర్లలో సి పాజిటివ్ వాళ్లకు వేరే మెషిన్ పెట్టడం అలవాటు. కిడ్నీ జబ్బులకు ప్రపంచమంతా చూసే కేడిగో మార్గదర్శకాలు మాత్రం హెపటైటిస్ బి వాళ్లనే వేరుగా ఉంచమంటాయి, సి వాళ్లకు వేరే గది, వేరే మెషిన్ తప్పనిసరి కాదంటాయి, చేతులూ మందులూ శుభ్రంగా ఉంచడం మీదే బలం పెట్టమంటాయి. నాకు అదే నిజమనిపిస్తుంది, నా కారణం చెబుతాను. వేరే మెషిన్ పెట్టగానే స్టాఫ్‌లో ఒక ధీమా వస్తుంది, జబ్బున్నవాళ్లు ఆ మూలన ఉన్నారు, ఇటువైపు అంతా నెగెటివ్ కదా అని. ఇందాక చెప్పాను చూడండి, యాంటీబాడీ ఇంకా రానివాళ్లు నెగెటివ్ వైపే కూర్చుని ఉంటారు. అటు గ్లవ్స్ మార్చి ఇటు మార్చకపోతే, జాగ్రత్త కావాల్సిన చోటే అది లేకుండా పోతుంది. అందుకని వేరే మెషిన్ ఇచ్చినంత మాత్రాన గొడవ పెట్టుకోకండి, వారానికి మూడు సెషన్లు, నాలుగేసి గంటలు తగ్గకుండా ఇస్తున్నారా అన్నదే చూడండి. పాజిటివ్ మెషిన్ ఒక్కటే ఉంది, ఖాళీ లేదు, వారానికి రెండుసార్లే వస్తారా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మేం పాజిటివ్ వాళ్లను చేయం, హైదరాబాద్ పొండి అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రతో, సూపరింటెండెంట్‌తో మాట్లాడండి. రాసివ్వమంటే చాలాసార్లు బెడ్ దొరుకుతుంది.

ఇప్పుడు మందుల గురించి. పాతకాలంలో ఇంటర్‌ఫెరాన్ సూదులు, రిబావిరిన్ మాత్రలు ఉండేవి. సూది వేసిన రాత్రి చలి జ్వరంతో మనిషి వణికిపోయేవాడు, రిబావిరిన్ రక్తాన్ని విరగ్గొట్టేది, అసలే హిమోగ్లోబిన్ ఎనిమిది మీద నడిచే మన పేషెంట్లు దాన్ని ఎట్లా తట్టుకుంటారు? సగంలో మానేసినవాళ్లే ఎక్కువ. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది, అప్పట్లో అక్కడ ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలే, నాట్కో, హెటిరో లాంటివి, దాన్ని జనరిక్‌గా తయారుచేసి అతి తక్కువ ధరకు తెచ్చాయి. అయినా డయాలసిస్ వాళ్లకు ఇవ్వొచ్చా లేదా అని కొన్నేళ్లు వెనకాముందాడారు, ఎందుకంటే ఆ మందు కిడ్నీ ద్వారా బయటికి పోతుంది. వాడి చూస్తే భద్రంగానే ఉందని తేలాక, 2019 నవంబరులో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ డయాలసిస్ పేషెంట్లకు కూడా డోసు తగ్గించకుండా వాడొచ్చని ఒప్పుకుంది. ఇప్పుడు ఎక్కువగా రాసేది సోఫోస్‌బువిర్‌తో వెల్పటాస్విర్, లేకపోతే డక్లాటాస్విర్. రోజుకోసారి, పన్నెండు వారాలు, లివర్ బాగా గట్టిపడి ఉంటే డాక్టర్ ఇంకొన్నాళ్లు పొడిగిస్తారు. మీకెవరైనా డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఈ మందు పడదు అని చెబితే అది పాత మాట, ఇంకో డాక్టర్‌ను అడగండి.

డబ్బు టెన్షన్ పెట్టుకోవద్దు. 2018 జులై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది, దాని కింద పరీక్షలు, ఈ మాత్రలు ఉచితం. మీకు దగ్గర్లో ట్రీట్‌మెంట్ సెంటర్ ఏ ఆస్పత్రిలో ఉందో జిల్లా వైద్యాధికారి ఆఫీసులో చెబుతారు. ఆధార్, డయాలసిస్ ఫైలు, పాజిటివ్ రిపోర్టు తీసుకెళ్లండి. మందులు బయట కొనేముందు ఇది అడగండి, వైరల్ లోడ్‌కే వేలు పోసినవాళ్లను చూశాను.

మాత్రలు మొదలుపెట్టేముందు డాక్టర్‌కు చూపించాల్సింది బాపు ఇప్పుడు వేసుకుంటున్న మందుల సంచి. చీటీ కాదు, సంచే తీసుకెళ్లండి, ఎందుకంటే చీటీలో లేనివి సంచిలో ఉంటాయి. గ్యాస్ బిళ్ల పాంటోప్రజోల్ మన వాళ్లు పొద్దున లేవగానే వేసుకుంటారు, దానివల్ల వెల్పటాస్విర్ ఒంటికి సరిగా పట్టదు, మానాలి లేదా టైము మార్చాలి. ఫాస్ఫరస్ తగ్గడానికి అన్నంతో వేసుకునే బిళ్లల సంగతి కూడా చెప్పండి. గుండె దడకు అమియోడరోన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, సోఫోస్‌బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది. కొన్ని రకాల ఫిట్స్ మాత్రలు, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఉంటే ఈ మందు సరిగా పనిచేయదు. ఇంకొకటి, హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయించే మొదలుపెట్టాలి. లోపల బి కూడా దాగి ఉంటే సి తగ్గుతుంటే అది లేచి కూర్చుంటుంది. లివర్ ఎంత పాడైందో చూడటానికి అల్ట్రాసౌండ్, దొరికితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. మొదలుపెట్టాక ఒక్క రోజు కూడా మానకూడదు, డయాలసిస్ ఉన్న రోజు కూడా.

ఇక్కడ ఒక మాట బతిమాలి చెబుతాను. లివర్ అనగానే మన దగ్గర కామెర్ల పసరు గుర్తొస్తుంది. ఫలానా ఊళ్లో మూడు ఆదివారాలు పసరు పోస్తారు, నేల ఉసిరి నూరి తాగితే పోతుంది, చెరకు రసం తాగించు, కొబ్బరి నీళ్లు తాగించు అని చుట్టాలందరూ ప్రేమతోనే చెబుతారు. డయాలసిస్ మనిషికి ఇవి ప్రాణం మీదికి తెస్తాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పసర్లలో ఏముందో ఎవరికీ తెలియదు, పోసే నీళ్లు బయటికి పోయే దారి లేదు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చే ఒకాయన శని, ఆదివారాలు రెండు రోజులూ కొబ్బరి నీళ్లు తాగి సోమవారం వచ్చాడు, కాళ్లు లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది, పొటాషియం ఏడు దాటింది. ఆ రోజు మేమంతా ఆయన చుట్టూనే ఉన్నాం, దేవుడి దయవల్ల దక్కాడు. ఆయన కూతురు కొడంగల్ నుంచి తెచ్చిన కొబ్బరి బోండాలు ఇంకా నాలుగు సంచిలో ఉన్నాయి.

ఇంట్లో పిల్లల గురించి అడిగారు. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు, ముద్దుపెట్టుకుంటే రాదు, దోమ కుడితే రాదు, ఒకే బాత్రూమ్ వాడితే రాదు. రక్తంలోంచి రక్తంలోకి పోతేనే వస్తుంది. కాబట్టి బ్లేడు, గోళ్ల కత్తెర, టూత్‌బ్రష్, షుగర్ చూసుకునే సూది, ఇవి ఆయనవి ఆయనకే. మంగలి దగ్గర కొత్త బ్లేడు వేయించండి. ఇంటికొచ్చాక ఫిస్టులా దగ్గర రక్తం కారితే చేతికి గ్లవ్స్, లేకపోతే పాలిథిన్ కవర్ తొడుక్కుని నొక్కి పట్టండి, కిందపడ్డ రక్తాన్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడవండి, ఆ దూదిని కవర్‌లో కట్టి పారేయండి. మీ అమ్మగారికి, మీకు ఒకసారి పరీక్ష చేయిస్తే అనుమానం తీరిపోతుంది. దీనికి టీకా లేదు. హెపటైటిస్ బికి ఉంది, డయాలసిస్ వాళ్లకు మామూలు డోసుకు రెట్టింపు ఇవ్వాలి, బాపుకు అన్ని డోసులూ పడ్డాయో లేదో ఫైలు చూడండి.

కంచం వేరు చేయకండి. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దమ్మకు పాజిటివ్ అని తెలిశాక ఇంట్లో కంచం, చెంబు వేరు చేశారు, పశువుల కొట్టం పక్కన మంచం వేశారు. ఆమె మాకు చెప్పలేదు. ఒకరోజు నేను ఇడ్లీ తెచ్చి నా డబ్బాలోంచి ఇస్తే తీసుకోకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ‘వద్దు బిడ్డా, నాది అంటుడు జబ్బు’ అంది. నేను ఆమె ముందే అదే డబ్బాలోంచి తిన్నాను. ఆ సాయంత్రం కొడుకును పిలిపించి డాక్టర్ గారితో చెప్పించాం. మందులతో వైరల్ లోడ్ సున్నా అయింది, కానీ ఆ అయిదు నెలలు ఆమె తిండి సరిగా తినక చిక్కిపోయిన ఒళ్లు మళ్లీ రాలేదు.

మందు కోర్సు అయిపోయిన రోజు పండగ చేసుకోకండి, ఇంకో పన్నెండు వారాలు ఆగి మళ్లీ వైరల్ లోడ్ చేయించాలి. అప్పుడు కూడా వైరస్ కనబడకపోతేనే నయమైనట్టు. ఆ రిపోర్టును లామినేషన్ చేయించి దాచుకోండి. ఎందుకంటే కార్డు టెస్టు మాత్రం ఆ తర్వాత కూడా పాజిటివ్‌గానే వస్తుంటుంది, కొత్త సెంటర్‌కో, ఆపరేషన్‌కో వెళ్తే మళ్లీ మొదటికి వస్తారు, అప్పుడు ఈ కాగితమే మాట్లాడాలి. ఇకమీదట ఆయనకు ఆరు నెలలకోసారి చేయాల్సింది కార్డు కాదు, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఒకసారి నయమైతే మళ్లీ రాదనే హామీ లేదు, అదే సీసా, అదే గ్లవ్స్ ఉంటే మళ్లీ వస్తుంది.

కిడ్నీ మార్పిడి ఆలోచన ఉంటే ఇది అడ్డం కాదు. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్ జాబితాలో పేరు ఉంటే తీసేయించకండి, నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో మీరు చూపించుకునే డాక్టర్‌కు పాజిటివ్ విషయం చెప్పండి, మందు మార్పిడికి ముందు ఇవ్వాలా తర్వాతా అన్నది వాళ్లు చూసుకుంటారు.

సెంటర్ మార్చాలా అన్నదానికి నా సలహా, వచ్చే వారం బాపు మూడు సెషన్లూ మీరు లోపల కూర్చుని చూసి నిర్ణయించుకోండి. హెపారిన్ వేరే చోట, పేషెంట్లకు దూరంగా, శుభ్రమైన టేబుల్ మీద ఒక్కొక్కరికి ఒక్కో కొత్త సిరంజిలో నింపి తెస్తున్నారా, లేక సీసానే బెడ్ల మధ్య తిరుగుతోందా? ఒక పేషెంటు దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పోతూ గ్లవ్స్ తీసి చేతులకు శానిటైజర్ రాసుకుంటున్నారా? బెడ్ ఖాళీ అయ్యాక రెక్జిన్, మెషిన్ ముందుభాగం, బీపీ పట్టీ తుడుస్తున్నారా, అసలు మొదటి మనిషి లేచి బయటికి వెళ్లాకే తుడుస్తున్నారా? ప్లాస్టర్ ముక్కలు ముందే చింపి మెషిన్‌కు అంటించి పెట్టకుండా ఉంటున్నారా? ఇవన్నీ సరిగా ఉంటే అక్కడే ఉండండి, దూరం పోయి బాపును ఇంకా అలసిపోనివ్వకండి. లేకపోతే ముందు యూనిట్ డాక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ ఆరు నెలల్లో ఆ షిఫ్టులో ఇంకెవరికైనా కొత్తగా వచ్చిందా అని అడగండి, వచ్చి ఉంటే ఆ షిఫ్టు వాళ్లందరికీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించమనండి. ఇది మీ ఒక్కరి కోసం అడుగుతున్నది కాదు, పక్క బెడ్ మీద ఉన్నాయన కోసం కూడా.

అడిగే తీరు కూడా ఉంటుంది. వీడియో తీస్తూ బెదిరిస్తే మా వాళ్లు బిగుసుకుపోతారు. ‘సిస్టర్, ఒక్క నిమిషం, గ్లవ్స్ మార్చుకుని పెట్టండమ్మా’ అని మెల్లగా అంటే నూటికి తొంభై మంది నొచ్చుకోకుండా మారుస్తారు, నాకు చెప్పినవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

వైరల్ లోడ్ రిపోర్టు రాగానే అందులోని అంకె, అల్ట్రాసౌండ్‌లో లివర్ గురించి రాసిన రెండు లైన్లు, బాపు వేసుకుంటున్న మందుల పేర్లు నాకు రాయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏమేం అడగాలో ఒక కాగితం మీద కూర్చి పెడదాం.